పరుపే అంపశయ్య అయినప్పుడు

మురళీకాంత్ పేట్కర్ 50 మీటర్ల ఈతను 37.33 సెకన్లలో ముగించారు. 1972 ఆగస్టులో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో. పారాలింపిక్స్‌లో భారతదేశానికి దక్కిన తొలి స్వర్ణం అది, ప్రపంచ రికార్డు కూడా. ఆయన గురించి ఎవరు రాసినా ఆ ఈతకొలను దగ్గరే మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. 1965 యుద్ధం, ఒంట్లో దిగిన తూటాలు, నెలల తరబడి స్పృహ లేకపోవడం, నడుము కింది భాగం చచ్చుబడటం, ఇవన్నీ మధ్యలో ఒక్క పేరాలో దొర్లిపోతాయి. నాకు మాత్రం అసలు కథ ఆ పేరాలోనే ఉందనిపిస్తుంది. ఆ యుద్ధానికీ ఆ పతకానికీ మధ్య దాదాపు ఏడేళ్లు. వెన్నులో తూటా దిగిన మనిషి ఏడేళ్ల తర్వాత ఈత కొట్టడం సరే, ఏడేళ్లు బతికి ఉండటమే అంతకు ఒక తరం ముందు ఎవరూ ఊహించని సంగతి.

పేట్కర్‌కు మన సికింద్రాబాద్‌తో సంబంధం ఉంది. సైన్యంలో వాహనాలు, ఆయుధాలు, యంత్రాలు మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో జవానుగా ఉంటూ అక్కడి తరఫున బాక్సింగ్ ఆడారు. దెబ్బ తిని లేవడం అలవాటైన ఒళ్లు. అయితే వెన్నుకు తగిలే దెబ్బ బరిలో తగిలే దెబ్బలాంటిది కాదు. పది లెక్కపెట్టేలోగా లేచి నిలబడే వీలు అందులో లేదు.

ఎందుకు లేదో ముందు చూద్దాం. వెన్నుపాము చిటికెన వేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మెదడు నుంచి కిందికి ఆజ్ఞలు, కింది నుంచి మెదడుకు కబుర్లు దానిలోంచే నడుస్తాయి. చేతిలోనో కాలిలోనో నరం తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. వెన్నుపాములోని నరాలకు ఆ గుణం లేదు. ఎక్కడ తెగిందో అక్కడి నుంచి కింద ఉన్న ఒళ్లు చూడటానికి మనదే, మన మాట మాత్రం వినదు. మెడ దగ్గర తెగితే చేతులూ పోతాయి, నడుము దగ్గరయితే కాళ్లు పోతాయి. ఎక్కడ తెగినా మలమూత్రాల మీద అదుపు తప్పుతుంది. కాళ్లు పోవడం గురించి అందరూ మాట్లాడతారు, మూత్రం గురించి ఎవరూ నోరు విప్పరు. కానీ ఇన్ని యుద్ధాల్లో ఇలాంటి సైనికుల ప్రాణం తీసింది కాళ్లు పోవడం కాదు.

1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో ఇంగ్లండు నౌకా సేనాని నెల్సన్ ఎడమ భుజంలోంచి దూసుకెళ్లిన తూటా వెన్నెముకను ఛేదించింది. రొమ్ము కింద ఏమీ తెలియడం లేదని, తన పని అయిపోయిందని ఆయనే ఓడ వైద్యుడు బీటీకి చెప్పాడు. బీటీ కాదనలేకపోయాడు. సుమారు మూడు గంటల్లో ప్రాణం పోయింది. అంతకు మూడు వేల ఏళ్లకు పైగా ముందే ఈజిప్టులో రాసిన ఒక వైద్య పత్రం, మెడపూస తప్పి కాళ్లూ చేతులూ తెలియని మనిషిని ‘చికిత్స చేయకూడని జబ్బు’ కింద జమకట్టేసింది. అన్ని వేల ఏళ్లలో ఈ ఒక్క విషయంలో వైద్యం ఉన్నచోటే ఉండిపోయిందన్నమాట.

నెల్సన్‌లా అప్పటికప్పుడు పోనివాళ్ల గతి ఇంకా ఘోరం. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో నూటికి 80 మంది దాకా మూడేళ్లు నిండకుండానే పోయారని వైద్య చరిత్రలో చెప్పే లెక్క. చాలామంది ఆ మూడేళ్లలో తొలి వారాలు కూడా దాటలేదు. ఇంగ్లండులో అలాంటివాళ్ల కోసం 1916లో రిచ్‌మండ్ ఊళ్లో ‘స్టార్ అండ్ గార్టర్’ అనే ఆశ్రమం తెరిచారు. మంచి మనసుతో పెట్టిన ఇల్లే. వైద్యం చేయడానికి కాదు, ఉన్నన్నాళ్లు పరువుగా ఉంచడానికి. ఈ ఆశ్రమం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వాళ్లంతా దేనితో పోయారు? తూటాతో కాదు. పడక పుండ్లతో, మూత్రంలో చేరిన చీముతో.

భీష్ముడు అంపశయ్య మీద 58 రాత్రులు ఉన్నాడని భారతం చెబుతుంది. బాణాల మొనలు ఒంటిని కొన్ని చోట్లే మోస్తాయి, బరువంతా ఆ చోట్ల మీదే. వెన్ను విరిగిన సైనికుడికి మెత్తని పరుపు కూడా సరిగ్గా అంపశయ్యే. వెల్లకిలా పడుకున్న మనిషి బరువు నడుము దిగువన త్రికాస్థి మీద, మడమల మీద, తల వెనక భాగం మీద పడుతుంది. పక్కకు తిరిగితే తుంటి ఎముక మీద. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చోట చర్మానికి నెత్తురు అందదు. మనం నిద్రలో ఎన్నిసార్లు ఒత్తిగిల్లుతామో మనకే తెలియదు. చర్మం నొప్పి అని మొర పెట్టుకుంటుంది, మెదడు నిద్ర చెడకుండానే పక్క మార్పిస్తుంది. ఆ కబురు మోసే తీగ తెగినవాడికి మొర వినిపించదు. కొన్ని గంటల్లో ఎర్రటి మచ్చ పడుతుంది. మరి కొన్ని గంటలకు అది నల్లబడుతుంది. పైకి రూపాయి బిళ్లంత కనిపించే పుండు లోపల ఎముక దాకా గుహలా తవ్వుకుపోయి ఉంటుంది. దానిలోంచి చీము, నెత్తురు, మాంసకృత్తులు రోజూ కారిపోతూ మనిషి ఎండిపోతాడు. చివరికి విషం నెత్తురులోకి ఎక్కుతుంది.

ఇక మూత్రాశయం. నిండిందని చెప్పే తీగా లేదు, వదలమని చెప్పే తీగా లేదు. నిండీ నిండీ పొర్లుతుంది. మిగిలిపోయిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి, ఒత్తిడికి అవి మూత్రపిండాల్లోకి ఎగబాకుతాయి. గొట్టం పెట్టి వదిలేస్తే గొట్టమే క్రిములకు రాచబాట అవుతుంది. ఈ రెండింటిలో దేనికీ శస్త్రచికిత్సతో సంబంధం లేదు. అందుకే గొప్ప గొప్ప సర్జన్లకు ఇది తమ పని అనిపించలేదు. నర్సులకు వదిలేశారు. రోగులు ఎలాగూ చనిపోతారని నర్సులూ వదిలేశారు.

ఆ మాట నా ఊహ కాదు. 1917లో జర్మన్ సైలీషియాలోని కోనిగ్స్‌హ్యూట్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే కుర్రవాడు వార్డు సహాయకుడిగా ఉన్నాడు. వెన్ను విరిగిన ఒక బొగ్గుగని కార్మికుణ్ణి తెచ్చారు. మంచి కండలు తిరిగిన మనిషి. కుర్రవాడు శ్రద్ధగా వివరాలు రాసుకుంటుంటే, అంత శ్రమ పడకు, కొన్ని వారాల్లో పోతాడు అన్నారు వైద్యులు. అయిదు వారాలకు పోయాడు. గుట్‌మన్ తర్వాత పేరున్న నరాల వైద్యుడయ్యాడు. యూదుడు కావడంతో 1939లో జర్మనీ వదిలి ఇంగ్లండు చేరాడు. ఆక్స్‌ఫర్డ్‌లో నరాలు తిరిగి పెరగడం మీద పరిశోధన చేస్తుండగా బ్రిటిష్ ప్రభుత్వం పిలిచింది. ఐరోపా మీద పెద్ద దండయాత్ర రాబోతోంది, వెన్ను విరిగినవాళ్లు గుంపులుగా వస్తారు, వాళ్ల కోసం ఒక కేంద్రం నడపగలవా అని. ఈ దిక్కులేని పనికి ఎందుకు పోతున్నావని తోటివాళ్లు నొచ్చుకున్నారు. 1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 26 పడకలతో ఆ వార్డు తెరుచుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ కథలో గుట్‌మన్‌ను ఒంటరి అవతార పురుషుడిగా చూపడం అలవాటైపోయింది. అమెరికాలో బోస్టన్ నగర ఆసుపత్రి వైద్యుడు డొనాల్డ్ మన్రో 1930లలోనే ఇలాంటి రోగుల కోసం ప్రత్యేక విభాగం నడిపి, మూత్రాశయాన్ని కడిగే పద్ధతి ఒకటి తయారుచేశాడు. యుద్ధకాలంలో క్రిములను అణిచే సల్ఫా మందులు, పెన్సిలిన్ కూడా చేతికొచ్చాయి. గుట్‌మన్ ప్రత్యేకత మందులో లేదు, మొండితనంలో ఉంది.

ఆయన చేసిన మొదటి పని ప్లాస్టర్ కట్లు తీయించడం. వెన్ను కదలకూడదని సైనికుల్ని మెడ నుంచి తొడల దాకా ప్లాస్టర్‌లో బిగించి పంపేవాళ్లు. విప్పి చూస్తే లోపల పుండ్లు, దుర్వాసన. రెండో పని, ప్రతి రెండు గంటలకూ ఒకసారి, పగలూ రాత్రీ, ప్రతి రోగినీ పక్క మార్చడం. చెప్పడానికి ఇంతే. చేయడం ఎలా ఉంటుందో చూడండి. రాత్రి రెండు గంటలు. ముగ్గురు నలుగురు ఆర్డర్లీలు మంచానికి ఇరువైపులా నిలబడి, విరిగిన వెన్ను మెలి పడకుండా ఒక దుంగను దొర్లించినట్టు ఒక్క ఊపున తిప్పాలి. మోకాళ్ల మధ్య దిండు, మడమలు గాల్లో తేలేలా పిక్కల కింద ఇంకో దిండు. దుప్పటిలో ముడత ఉంటే సరిచేయాలి, ఎందుకంటే ఆ ముడతే రేపటి పుండు. టార్చి వేసి తుంటి, త్రికాస్థి, మడమలు చూడాలి. తర్వాతి మంచానికి పోవాలి. చివరి మంచం దగ్గరికి చేరేసరికి మొదటి మంచానికి వేళవుతుంది. ఆర్డర్లీలు సణిగారు. గుట్‌మన్ నడిరేయి వార్డుకు వచ్చి తిప్పారో లేదో తానే చూసేవాడు. మూత్రాశయం సంగతీ అంతే. గొట్టం పెట్టి వదిలేయకుండా, వేళకు శుభ్రంగా పెట్టి ఖాళీ చేసి తీసేయాలన్నాడు. ఆ పని మొదట్లో నర్సులకు కూడా ఇవ్వకుండా వైద్యుల చేతే చేయించాడు.

మూత్రాశయం నిండిపోతే ఇంకో ముప్పు ఉంది. రొమ్ము పైభాగంలోనో మెడలోనో వెన్నుపాము తెగినవాళ్లకు అది నిండగానే రక్తపోటు ఒక్కసారిగా ఆకాశానికి ఎగుస్తుంది. ముఖం జేవురిస్తుంది, తల పగిలిపోతుంది, చెమటలు కారిపోతాయి. మెదడులో నెత్తురు నాళం చిట్లవచ్చు. గుట్‌మన్, విటరిడ్జ్ అనే మరో శాస్త్రవేత్త దీన్ని 1947లో వివరించారు. చాలాసార్లు దీనికి చికిత్స ఏమిటో తెలుసా? రోగిని లేపి కూర్చోబెట్టి, మెలిపడిన గొట్టాన్ని సరిచేయడం. తెలియనివాడు మందుల కోసం పరిగెడతాడు, తెలిసినవాడు ముందు గొట్టం చూస్తాడు. 1945 డిసెంబరులో అమెరికా సేనాని ప్యాటన్ కారు ప్రమాదంలో మెడ విరిగి పన్నెండు రోజులకే చనిపోయాడు. సేనాని కాబట్టి వైద్యులకు కొదవ ఉండదు. మెడ దగ్గర తెగిన వెన్నుపాము అప్పటికి అంతటివాడినీ లెక్కచేయలేదు.

బతికి బయటపడ్డవాడికి తొలి వారాల్లో ఒళ్లు పూర్తిగా వేలాడిపోతుంది. ఆ తర్వాత ఒకరోజు కాలు ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. మంచం పక్కన తల్లో భార్యో ఉంటే గొంతులో ప్రాణం ఆగిపోతుంది. కదిలింది! దేవుడికి మొక్కు చెల్లించే ఏర్పాట్లు కూడా మొదలవుతాయి. అది కోలుకోవడం కాదని, మెదడు అదుపు తప్పిన కింది వెన్నుపాము తనంతట తాను చేసే కుదుపు అని చెప్పాల్సిన పని వార్డులో ఎవరో ఒకరి మీద పడుతుంది. ఈ వృత్తిలో ఇంతకంటే కష్టమైన మాట ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను. అయితే కొందరిలో తీగలన్నీ తెగవు, కొన్ని మిగులుతాయి. వాళ్లలో నిజంగానే కదలిక కొంత తిరిగి వస్తుంది, నెలలు పట్టినా సరే. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తొలి రోజుల్లో ఎవరికి ఏది వస్తుందో చెప్పడం వైద్యులకూ కష్టమే.

మన ఇళ్లలో జరిగే పొరపాట్లు కూడా ఇక్కడే చెప్పాలి. కాళ్లు చల్లగా ఉన్నాయని వేడి కాపడం పెడతారు. స్పర్శ లేని కాలికి వేడి తెలియదు, బొబ్బలు లేచాక కంటికి కనిపిస్తుంది. మందుల షాపుల్లో నడుమ చిల్లు ఉన్న గాలి దిండు కొని తెస్తారు. పుండు ఉన్నచోట ఖాళీ ఉంటుంది కదా అని వాళ్ల లెక్క. ఆ చిల్లు చుట్టూ ఉన్న అంచు నెత్తురును ఇంకా బిగించి ఆపుతుంది. రెండూ ప్రేమతో చేసేవే.

ఇంతకీ ఈత ఎందుకు? ముంబయిలోని నౌకాదళ ఆసుపత్రి అశ్వినిలో ఫిజియోథెరపిస్టు పేట్కర్‌ను నీళ్లలో దిగమన్నారు. నీళ్లు బరువును మోస్తాయి, నేలమీద లాగలేని ఒంటిని లాగనిస్తాయి అన్నది అందరికీ తెలిసిన కారణం. గుట్‌మన్ పట్టుకున్న కారణం ఇంకొకటి ఉంది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందంగా తోచేది అదే. వీపు మీద రెక్కల్లా పరుచుకున్న పెద్ద కండరం ఒకటి ఉంటుంది. దాని ఒక కొస చేతికి, ఇంకో కొస కటి ఎముకకు అతుక్కుని ఉంటాయి. దానికి నరాలు మాత్రం మెడ నుంచి వస్తాయి. అంటే నడుము దగ్గర వెన్నుపాము తెగినా ఈ కండరం బతికే ఉంటుంది, బతికి ఉన్న పై భాగాన్నీ చచ్చుబడిన కింది భాగాన్నీ వంతెనలా కలుపుతుంది. దాన్ని పెంచితే మనిషి ఒరిగిపోకుండా కూర్చోగలడు, కటిని కదిలించగలడు, కుర్చీలోంచి మంచం మీదికి తనను తాను ఎత్తుకోగలడు. దాన్ని బాగా పెంచే పనులు ఏవి? విల్లు లాగడం. ఈత కొట్టడం.

అందుకే స్టోక్ మాండెవిల్‌లో విలువిద్య వచ్చింది. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజునే, ఆసుపత్రి మైదానంలో చక్రాల కుర్చీల్లో 16 మంది విల్లులు ఎక్కుపెట్టారు. 14 మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, అందరూ యుద్ధంలో పనిచేసినవాళ్లు. ఎదుటి జట్టు ఎవరిదనుకున్నారు? స్టార్ అండ్ గార్టర్ ఆశ్రమం. ఎవరూ ఎక్కువకాలం బతకరని 1916లో తెరిచిన ఆ ఇంటి నుంచే, మూడు దశాబ్దాలకు, ఒక జట్టు బస్సెక్కి పోటీకి వచ్చింది. 1952లో నెదర్లాండ్స్ మాజీ సైనికులు వచ్చి చేరడంతో అది దేశాల పోటీ అయింది. 1960లో రోమ్‌లో 23 దేశాల నుంచి 400 మంది పాల్గొన్నారు. దాన్నే తొలి పారాలింపిక్స్‌గా లెక్కిస్తారు.

గుట్‌మన్‌కు ఆట ఒక్కటే కాదు, పని కూడా మందే. గడియారాల మరమ్మతు, టైపు, చెప్పులు కుట్టడం, ఏదో ఒకటి చేయమనేవాడు. కొందరికి ఆ ఒత్తిడి చిరాకు పుట్టించిందంటే ఆశ్చర్యం లేదు. ఒళ్లు విరిగి పడుకున్నవాణ్ణి తెల్లారి లేపి వడ్రంగి షెడ్డుకు తోలే మనిషి అందరికీ నచ్చడు. ఆయన్ను నాన్న అనే అర్థంలో ‘పాపా’ అని పిలిచినవాళ్లే తిట్టుకునీ ఉంటారు.

పేట్కర్ 1968లో టెల్ అవీవ్ పారాలింపిక్స్‌కు టేబుల్ టెన్నిస్ ఆడటానికి వెళ్లారు, నాలుగేళ్లకు హైడెల్‌బర్గ్‌కు. ప్రయాణ ఖర్చులకు మాజీ క్రికెటర్ విజయ్ మర్చంట్ సాయపడ్డారు. ఒక దేశపు సైనికుడు దేశం తరఫున ఆడటానికి ఒక క్రికెటర్ ఔదార్యం కావలసి వచ్చిందన్న మాటను మెచ్చుకోలుగా చదవాలో మరోలా చదవాలో నాకు ఇప్పటికీ తేలదు. తర్వాత పేట్కర్ పుణెలో టాటాల వాహనాల కంపెనీ టెల్కోలో ఉద్యోగం చేశారు.

అదే 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే వైద్యుడు ఒక సంగతి చెప్పాడు. మూత్రాశయం ఖాళీ చేసుకోవడానికి ఆపరేషన్ థియేటర్‌లో ఉండే మడి అక్కర్లేదు, చేతులు సబ్బుతో కడుక్కుని, కడిగిన గొట్టంతో రోగి తనకు తానే వేళకు చేసుకోవచ్చు. వేళ తప్పకపోవడమే ముఖ్యం. వినడానికి చిన్న మాట. కానీ ఆ మాటతో వెన్ను విరిగినవాడు ఆసుపత్రి వదిలి ఇంటికి, ఉద్యోగానికి, రైలు ప్రయాణానికి వెళ్లగలిగాడు. పతకాన్ని లోకం చూసింది, ఈ గొట్టాన్ని ఎవరూ చూడలేదు. ప్రాణాలు లెక్కపెడితే గొట్టానిదే పైచేయి అని నా నమ్మకం.

మన సైన్యానికి గాయపడ్డవాళ్ల కోసం కొన్ని పాత సంస్థలు ఉన్నాయి. పుణె దగ్గర ఖడ్కీలో క్వీన్ మేరీస్ సాంకేతిక సంస్థ 1917 నాటిది, అంగవైకల్యం కలిగిన సైనికులకు చేతిపనులు నేర్పడానికి పెట్టింది. పుణెలోనే కృత్రిమ అవయవాల కేంద్రం 1944లో వచ్చింది. కాలు తెగినవాడికి కాలు చేసి ఇవ్వవచ్చు. వెన్ను తెగినవాడికి ఏం చేసి ఇస్తారు? 1971 యుద్ధం తర్వాత ఖడ్కీలో వాళ్ల కోసం ప్రత్యేక పునరావాస కేంద్రం ఏర్పడింది, తర్వాత మొహాలీలో ఇంకొకటి. ఇక పౌరుల విషయానికొస్తే, మన చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్లు ‘రాయవేలూరు ఆసుపత్రి’ అని పిలుచుకునే వేలూరు సీఎంసీలో వైద్యురాలు మేరీ వర్గీస్ ఇదే మార్గం వేశారు. 1954లో వాహన ప్రమాదంలో ఆమెకే వెన్ను విరిగింది. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసి, తర్వాత పునరావాస వైద్యం చదివి వచ్చి, ఆ విభాగాన్ని నిలబెట్టారు. చెట్టు మీది నుంచి, మేడ మీది నుంచి, బైకు మీది నుంచి పడి వెన్ను విరిగినవాళ్లకు ఈనాడు అందుతున్న వైద్యం, ఆనాడు సైనికుల మంచాల దగ్గర రెండేసి గంటలకు నేర్చుకున్నదే.

‘కోలుకున్నాడు’ అనే మాటను మనం జ్వరం తగ్గినవాడికి వాడతాం. ఉన్నది పోయి, మళ్లీ మునుపటిలా అయ్యాడని అర్థం. వెన్నుపాము విషయంలో ఆ అర్థం పనికిరాదు. పోయిందంతా తిరిగి రాదు. మిగిలినదాన్ని రోజూ కాపు కాయాలి, సెలవు లేకుండా, ముప్ఫై ఏళ్లయినా యాభై ఏళ్లయినా. పేట్కర్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరిలో, 80 ఏళ్ల వయసులో, ఊతకర్ర సాయంతో నడిచి వెళ్లి రాష్ట్రపతి చేతుల మీదుగా అర్జున పురస్కారం అందుకున్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఉదయం కూడా ఆయన ఒంటిని ఆయన చూసుకునే ఉంటారు.

చక్రాల కుర్చీలో ఉన్న పాత సైనికుడు ఎవరైనా ఎదురైతే ఒకటి గమనించండి. కబుర్లు చెబుతూ చెబుతూ రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, ఒంటిని పైకెత్తి, కొన్ని క్షణాలు అలాగే గాల్లో ఉండి, మళ్లీ కూర్చుంటాడు. మాట ఆగదు. పావుగంటకో అరగంటకో మళ్లీ లేస్తాడు. ఒళ్లు విరుచుకుంటున్నాడని ఎదుటివాళ్లు అనుకుంటారు. అతను చర్మానికి నెత్తురు పోనిస్తున్నాడు.